సీఆర్ఎన్ఏ సీటుకి అప్లై చేస్తున్నా: జీపీఏ 3.1, ఇండియా ఐసీయూ అనుభవం, ఇంటర్వ్యూ – తెలిసినవాళ్ళు చెప్పండి

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
ఈ సైకిల్‌లో నర్స్ అనస్తీషియా డాక్టరేట్‌కి (అమెరికాలో మత్తు ఇచ్చే నర్సు, అంటే సీఆర్ఎన్ఏ, అయ్యే కోర్సు) అప్లై చేస్తున్నా. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ బీఎస్సీ నర్సింగ్. ఇండియాలో కార్డియాక్ ఐసీయూ మూడేళ్ళు, ఇక్కడ టెక్సస్‌లో మెడికల్ ఐసీయూ ఏడాదిన్నర. సీసీఆర్ఎన్ (క్రిటికల్ కేర్ నర్సు సర్టిఫికేషన్) పాసయ్యాను. వెస్ (విదేశీ డిగ్రీని అమెరికా లెక్కలోకి మార్చే సంస్థ) రిపోర్టులో జీపీఏ 4కి 3.1. ఇండియా అనుభవం లెక్కలోకి వస్తుందా? 3.1 చూసి ఫైలు పక్కన పడేస్తారా? ఇంటర్వ్యూలో అసలేం అడుగుతారు? ఒక్కో వీడియోలో ఒక్కో మాట చెప్తున్నారు, ఏది నమ్మాలో తెలియట్లేదు.

డాలస్_సత్తి
3.1 తో కష్టం. నర్స్ ప్రాక్టీషనర్‌కి వెళ్ళు, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చు.

మత్తు_మాస్టారు
సత్తి అన్నా, కష్టం వేరు, కుదరకపోవడం వేరు. ఆమె అడిగింది అనస్తీషియా గురించి, దాని గురించే చెబుదాం.

ముందు ఇండియా అనుభవం సంగతి. ఈ ప్రోగ్రాములకి గుర్తింపు ఇచ్చే సంస్థ సీఓఏ. దాని నిర్వచనం ప్రకారం క్రిటికల్ కేర్ అనుభవం అమెరికాలో గానీ, దాని టెరిటరీల్లో గానీ, విదేశాల్లోని అమెరికా మిలిటరీ ఆసుపత్రుల్లో గానీ సంపాదించినదై ఉండాలి. కనీసం ఏడాది ఫుల్‌టైమ్. అంటే మీ మూడేళ్ళ కార్డియాక్ ఐసీయూ ఆ కనీస అర్హతకి పనికిరాదు, టెక్సస్ ఏడాదిన్నరే లెక్క. అలాగని రెజ్యూమేలో దాన్ని దాచొద్దు. ఇంటర్వ్యూలో జవాబులకి బలం అక్కడి నుంచే వస్తుంది.

ఏ ఐసీయూ అన్నదాని కంటే అక్కడ మీరు రోజూ చూసేదేమిటి అన్నది ముఖ్యం. ఆర్టీరియల్ లైన్, సెంట్రల్ లైన్ లాంటి ఇన్వేసివ్ మానిటర్లు, వెంటిలేటర్, వేసోయాక్టివ్ డ్రిప్పులు (బీపీని, గుండె పనిని సర్దే మందులు), గుండెకి సాయపడే పరికరాలు. ఇవి మీ చేతిలో ఉన్నాయని అప్లికేషన్లో కనిపించాలి. "మెడికల్ ఐసీయూ, 24 పడకలు" అని రాసి వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఒక నర్సుకి ఇద్దరు పేషెంట్లు, నోర్ఎపినెఫ్రిన్, వేసోప్రెసిన్ డ్రిప్పులు, ఏఆర్‌డీఎస్‌లో బోర్లా పడుకోబెట్టడం, సీఆర్ఆర్‌టీ" అని రాయండి. కొత్తవాళ్ళకి: ఏఆర్‌డీఎస్ అంటే ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినడం, సీఆర్ఆర్‌టీ అంటే ఆగకుండా నిదానంగా నడిచే డయాలసిస్.

లావణ్య_హ్యూస్టన్
జీపీఏ గురించి నేను చెప్తా. చాలా ప్రోగ్రాములకి కనీసం 3.0 కావాలి. అది దాటారు కాబట్టి కంప్యూటర్ దగ్గరే ఆగిపోరు. కానీ లోపల కమిటీ చూసేది ఒక్క అంకె కాదు. మొత్తం జీపీఏ, సైన్స్ జీపీఏ, చివరి 60 క్రెడిట్ల జీపీఏ విడివిడిగా చూస్తారు. పాత మార్కులు మార్చలేం, కొత్తవి కలపగలం. గ్రాడ్యుయేట్ స్థాయిలో అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ, స్టాటిస్టిక్స్, బయోకెమిస్ట్రీల్లో రెండు తీసుకుని ఏ గ్రేడ్ తెచ్చుకోండి. "అప్పట్లో అలా ఉంది, ఇప్పుడు ఇలా ఉంది" అని పర్సనల్ స్టేట్‌మెంట్‌లో పేజీ రాసేకంటే ట్రాన్‌స్క్రిప్టులో రెండు ఏ గ్రేడ్లు ఎక్కువ పని చేస్తాయి.

కోర్సు కొనే ముందు మీరు అప్లై చేసే ప్రోగ్రాముకి ఈమెయిల్ రాసి అడగండి. కొన్నిచోట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ కావాలి, కొన్నిచోట్ల బయోకెమిస్ట్రీ చాలు. సైన్స్ కోర్సులు ఐదేళ్ళలోపో పదేళ్ళలోపో చదివినవై ఉండాలనే షరతు కూడా ఉంటుంది. ఇండియా డిగ్రీ వాళ్ళు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. కెమిస్ట్రీ ఎప్పుడో ఫస్టియర్‌లో బయోకెమిస్ట్రీగా చదివి ఉంటారు, గడువు దాటిపోయి ఉంటుంది.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, ట్రాన్‌స్క్రిప్టు గురించి ఒక మాట. వెస్ దగ్గర కోర్సు బై కోర్సు రిపోర్టే తీసుకోవాలె. డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ రిపోర్టుల డిగ్రీ సమానమని మాత్రమే ఉంటది, సబ్జెక్టుల గ్రేడ్లు, జీపీఏ ఉండవు, ప్రోగ్రాములు వాపస్ పంపిస్తయి. ఇంకోటి, తెలంగాణల చదివినా పాత బ్యాచులోళ్ళ కాలేజీలు అప్పట్ల విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ కిందనే ఉండె. వాళ్ళు వరంగల్ కాళోజీ యూనివర్సిటీకి పోతే పని కాదు. మీ డిగ్రీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరుంటే అక్కడికే పోవాలె. ట్రాన్‌స్క్రిప్టు సీల్డ్ కవర్ల పెట్టి, కవరు అంటించిన చోట సంతకం, ముద్ర వేయించుకోవాలె. ఈ పని అన్నిటికంటే ముందు మొదలు పెట్టుండ్రి, అప్లికేషన్ ఓపెన్ అయినంక కాదు.

నెల్లూరు_జీఎన్ఎమ్
జీఎన్ఎమ్ వాళ్ళకి దారి లేదా?

ఓరుగల్లు_పిల్ల
ఉంది. జీఎన్ఎమ్ డిప్లొమా, బ్యాచిలర్ డిగ్రీ కాదు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇండియాలనో, ఇక్కడ ఆర్ఎన్ టు బీఎస్ఎన్‌నో చెయ్యాలె. ఇక్కడ చేస్తే అమెరికా జీపీఏ కూడా కొత్తగ వస్తది, అదొక లాభం.

డాలస్_సత్తి
మాస్టర్స్‌గా చేసి తొందరగా బయటపడే కోర్సులు ఉన్నాయి కదా, అవి చూడమనండి.

మత్తు_మాస్టారు
అవి ఇప్పుడు లేవన్నా. 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరూ డాక్టరేట్ ప్రోగ్రాములోనే చేరాలి. డీఎన్‌పీ (నర్సింగ్ డాక్టరేట్) లేదా డీఎన్ఏపీ (నర్స్ అనస్తీషియా డాక్టరేట్). కనీసం 36 నెలలు. ఆ మూడేళ్ళూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. చాలా ప్రోగ్రాములు చేయొద్దనే చెప్తాయి.

పీప్_8
జీఆర్‌ఈ రాయాలా వద్దా? దీని మీద ఎవరూ తేల్చి చెప్పరు.

లావణ్య_హ్యూస్టన్
అడగని చోట రాయకండి. ఆ టైము బయోకెమిస్ట్రీకి పెట్టండి.

కృష్ణాతీరం
లావణ్య గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోను. జీపీఏ 3.1 ఉన్నవాళ్ళకి జీఆర్‌ఈ ఒక అవకాశం. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష రెండు గంటల లోపే అయిపోతోంది, స్కోరు ఐదేళ్ళు పనికొస్తుంది. జీఆర్‌ఈ అడిగే ప్రోగ్రాములకి అప్లై చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే సగం మంది భయపడి వాటిని వదిలేస్తారు. కొన్ని ప్రోగ్రాములు జీపీఏ ఒక హద్దు దాటినవాళ్ళకి జీఆర్‌ఈ మినహాయిస్తాయి. ఆ హద్దు కింద ఉన్నవాళ్ళు రాయక తప్పదు.

లావణ్య_హ్యూస్టన్
అడిగే ప్రోగ్రాము లిస్టులో ఉంటే రాయండి, అంతవరకు ఒప్పుకుంటా. అడగని చోట మంచి స్కోరు పంపినా ఎవరూ తెరవరు.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
చాలా థ్యాంక్స్ అందరికీ. రిఫరెన్సులు ఎవరితో రాయించాలి? మా డైరెక్టర్ పెద్ద హోదా, కానీ నా పేరు కూడా ఆయనకి సరిగ్గా తెలియదు.

కృష్ణాతీరం
వద్దు. హోదా కాదు, మీ పని చూసిన కళ్ళు కావాలి. మామూలుగా ముగ్గురు అడుగుతారు: మీ యూనిట్ మేనేజర్ లేదా మీ మీద నేరుగా ఉన్న సూపర్‌వైజర్, మీతో పనిచేసే ఇంటెన్సివిస్ట్ లేదా మీరు షాడో చేసిన (పక్కన ఉండి పని చూసిన) సీఆర్ఎన్ఏ, ఈమధ్య చదువు చెప్పిన ప్రొఫెసర్. నర్సింగ్‌క్యాస్‌లో (చాలా నర్సింగ్ ప్రోగ్రాములకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) రిఫరెన్స్ ఫారం నేరుగా వాళ్ళ ఈమెయిల్‌కే వెళ్తుంది, చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. పంపిన రోజే ఫోన్ చేసి చెప్పండి. గడువుకి నెల ముందు అడగండి, మీ రెజ్యూమే, మీరు చూసిన రెండు కష్టమైన కేసుల వివరం ఒక పేజీలో ఇవ్వండి. లేకపోతే "కష్టపడి పనిచేస్తుంది, సమయానికి వస్తుంది" అని రాసి ఊరుకుంటారు.

నర్సింగ్‌క్యాస్‌లో ఇంకో ఇబ్బంది. సబ్మిట్ కొట్టగానే పని అయిపోదు. ట్రాన్‌స్క్రిప్టులు చేరి, కోర్సులు సరిచూసి "వెరిఫైడ్" అని రావాలి. కొన్ని ప్రోగ్రాములు ఆ గడువుకి వెరిఫై అయి ఉండాలంటాయి, కొన్ని సబ్మిట్ అయితే చాలంటాయి. ఏది అన్నది ముందే చదువుకోండి.

పీప్_8
షాడోయింగ్ ఎన్ని గంటలు?

మత్తు_మాస్టారు
ప్రోగ్రామునిబట్టి. కొందరు 8 గంటలంటారు, కొందరు 40 దాకా అంటారు. గంటల లెక్క రాసి సీఆర్ఎన్ఏ సంతకం తీసుకోండి. ఊరికే మూల నిలబడి చూసి రావొద్దు. ప్రీఆప్‌లో ఎయిర్‌వే పరీక్ష దగ్గర మొదలుపెట్టి ఇండక్షన్, మెయింటెనెన్స్, ఎమర్జెన్స్, రికవరీలో అప్పగింత దాకా ఒక్క కేసైనా పూర్తిగా చూడండి. "ఈ పేషెంట్‌కి ప్రొపొఫాల్ ఎందుకు, ఎటొమిడేట్ ఎందుకు కాదు?" అని అడగండి. ఇంటర్వ్యూలో "షాడోలో ఏం చూశావు?" అన్నప్పుడు ఆ ఒక్క కేసు చాలు.

రాజమండ్రి_రాణి
ఇప్పుడు ఇంటర్వ్యూ గురించి చెప్పండి మాస్టారూ, అందరం దానికోసమే కూర్చున్నాం.

మత్తు_మాస్టారు
పిలుపు వచ్చిందంటే మీ అంకెలు సరిపోయాయని అర్థం. అక్కడి నుంచి వాళ్ళు తూచేది రెండే: మీరు చేస్తున్న పని ఎందుకు చేస్తున్నారో తెలుసా, మీతో మూడేళ్ళు ఒకే థియేటర్లో నిలబడగలమా.

మొదటిదానికి సూత్రం ఇది. రెజ్యూమేలో రాసిన ప్రతి మాటా వాళ్ళకి ప్రశ్నే. సీఆర్ఆర్‌టీ అని రాస్తే "సిట్రేట్ ఎందుకు వాడతారు, అయొనైజ్డ్ కాల్షియం ఎందుకు చూస్తారు?" అని వస్తుంది. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేసి ఫిల్టర్‌లో రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది, అందుకే పేషెంట్‌కి కాల్షియం విడిగా ఎక్కిస్తాం. ఇంత చెప్పలేకపోతే ఆ మాట రెజ్యూమేలో ఉండకూడదు.

ఎక్కువగా వచ్చేది డ్రిప్పుల మీద. నోర్ఎపినెఫ్రిన్ అనగానే "ఆల్ఫా 1 ఎక్కువ, బీటా 1 కొంచెం" అంటారు. అది మొదటి మెట్టే. తరవాతి ప్రశ్నలు ఇలా వస్తాయి: సెప్టిక్ షాక్‌లో అది పెంచుతూ పోతున్నా మ్యాప్ (సగటు బీపీ) 52 దగ్గరే ఉంది, ఏం చేస్తావు? వేసోప్రెసిన్ నిమిషానికి 0.03 యూనిట్లు కలుపుతాను. ఎందుకు? వీ1 రిసెప్టర్ మీద పనిచేస్తుంది, దారి వేరు. అసిడోసిస్‌లో క్యాటెకోలమైన్లు మందగించినా ఇది పనిచేస్తుంది. ఫినైలెఫ్రిన్ ఇస్తే హార్ట్ రేట్ ఎందుకు పడింది? బీపీ పెరిగింది, బారోరిసెప్టర్లు స్పందించాయి. అయోర్టిక్ స్టెనోసిస్ (గుండె కవాటం సన్నబడటం) ఉన్నవాళ్ళకి అదే ఎందుకు మేలు? హార్ట్ రేట్ పెంచకుండా ఎస్‌వీఆర్ (రక్తనాళాల నిరోధం) నిలబెడుతుంది, కొరొనరీలకి రక్తం అందుతుంది. గుండె బలం పెంచే మిల్రినోన్ బీటా బ్లాకర్ మీద ఉన్న పేషెంట్‌లోనూ ఎలా పనిచేస్తుంది? బీటా రిసెప్టర్‌తో పని లేకుండా ఫాస్ఫోడైఎస్టరేజ్ 3ని ఆపుతుంది. కిడ్నీలు పాడైతే? పేరుకుపోతుంది, డోసు తగ్గించాలి.

ఇలా "ఎందుకు" అని మూడు మెట్లు దిగుతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసినట్టు, ఒక్క మందుతోనే వాళ్ళకి మీ లోతు తెలిసిపోతుంది. అందుకే ఇరవై మందులు పైపైన చదవొద్దు. మీ యూనిట్‌లో రోజూ వేలాడే ఆరేడు డ్రిప్పులు, సక్సినైల్‌కోలిన్, రొకురోనియం, ప్రొపొఫాల్, కెటమిన్, ఎటొమిడేట్, డెక్స్‌మెడెటోమిడిన్. ఇవి అడుగంటా చదవండి.

లావణ్య_హ్యూస్టన్
కండరాలని వదులుచేసే సక్సినైల్‌కోలిన్ గురించి అడగని ప్యానెల్ ఉండదనుకోండి. మామూలు మనిషిలోనే పొటాషియం లీటరుకి సుమారు 0.5 మిల్లీఈక్వివలెంట్లు పెంచుతుంది. కాలిన గాయాలు ఒక రోజు దాటినవాళ్ళు, స్పైనల్ కార్డ్ దెబ్బతిని రోజులు గడిచినవాళ్ళు, చాలాకాలం కదలకుండా పడుకున్నవాళ్ళలో రిసెప్టర్లు కండరమంతా పుట్టుకొస్తాయి, పొటాషియం ప్రాణాంతకంగా పెరుగుతుంది. అక్కడి నుంచి నేరుగా మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియాకి (మత్తు మందులకి ఒళ్ళు ప్రాణాంతకంగా వేడెక్కే అరుదైన స్పందన) వెళ్తారు: ముందుగా కనిపించేది ఎండ్ టైడల్ కార్బన్ డయాక్సైడ్ పెరగడం, జ్వరం తరవాత. మందు డాంట్రోలిన్, కిలోకి 2.5 మిల్లీగ్రాములు.

రాజమండ్రి_రాణి
లెక్కలు కూడా ఇస్తారటగా?

కృష్ణాతీరం
ఇస్తారు, క్యాలిక్యులేటర్ లేకుండా. ఎక్కువగా మూడు రకాలు.

డ్రిప్ రేటు: డోపమైన్ 400 మి.గ్రా. 250 మి.లీ.లో, 80 కిలోల మనిషి, కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు. మి.లీ.కి 1600 మైక్రోగ్రాములు. 5 × 80 × 60 = 24,000. భాగిస్తే గంటకి 15 మి.లీ.

గాఢత: 2 శాతం లిడోకైన్ అంటే మి.లీ.కి 20 మి.గ్రా. పదివేలలో ఒక వంతు ఎపినెఫ్రిన్ అంటే మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. శాతం పక్కన ఒక సున్నా పెడితే మి.గ్రా. వస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

హీమోడైనమిక్స్: మ్యాప్ 55, సీవీపీ (గుండెకి చేరే సిరల పీడనం) 5, కార్డియాక్ అవుట్‌పుట్ 8. ఎస్‌వీఆర్ = (55 − 5) ÷ 8 × 80 = 500. మామూలుగా 800 నుంచి 1200. రక్తనాళాలు వదులైపోయాయి, గుండె బాగానే కొడుతోంది, కాబట్టి గుండెని గట్టిగా కొట్టించే డోబుటమిన్ కాదు. ఆ చివరి వాక్యం చెప్పకపోతే లెక్క చేసినా సగం మార్కులే.

పీప్_8
కృష్ణాతీరం గారి పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించా. ఇంట్లో పాల కోసం వచ్చినవాళ్ళు కూడా ఎస్‌వీఆర్ చదువుకుని వెళ్తున్నారు.

మాస్టారూ, వెంటిలేటర్ మీద ఏమడుగుతారు?

మత్తు_మాస్టారు
అలారం మోగింది, పీక్ ప్రెషర్ 45 అంటారు. మీరు వెంటనే "ప్లేటో (ఊపిరి ఆపి పట్టినప్పుడు ఊపిరితిత్తిలో పీడనం) ఎంత?" అని అడగాలి. పీక్ పెరిగి ప్లేటో మామూలుగా ఉంటే గాలి వెళ్ళే దారిలో అడ్డం: ట్యూబ్ మడతపడటం, కొరకడం, కఫం, బ్రాంకోస్పాజమ్. రెండూ పెరిగితే ఊపిరితిత్తి గట్టిపడింది లేదా నొక్కుకుపోయింది: న్యూమోథొరాక్స్, ఏఆర్‌డీఎస్, ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి జారడం, పొట్ట ఉబ్బడం. ఏఆర్‌డీఎస్ అంటే ఒక్కో ఊపిరికి కిలోకి 6 మి.లీ., ప్లేటో 30 లోపు. అయితే ఆ కిలో పేషెంట్ తూగిన బరువు కాదు, ఎత్తుని బట్టి లెక్కేసిన బరువు. ఈ మెలిక చాలామంది చెప్పరు.

తెలియని ప్రశ్న వస్తే నీళ్ళు నమలొద్దు, కల్పించొద్దు. "ఇది నాకు తెలియదు. తెలిసినంతవరకు ఇలా ఆలోచిస్తాను" అని ఫిజియాలజీ నుంచి మొదలుపెట్టండి. కల్పించి చెప్పే అలవాటున్న మనిషిని థియేటర్లో ఎవరూ నమ్మరు.

డాలస్_సత్తి
క్లినికల్ ప్రశ్నలే అడగని ప్రోగ్రాములు ఉన్నాయి. అంతా వ్యక్తిత్వం మీదే. ఇదంతా చదివి వెళ్తే వృథా.

లావణ్య_హ్యూస్టన్
ఉన్నాయి, నిజమే సత్తి గారూ. అందుకే పిలుపు రాగానే ఆ ప్రోగ్రాము ఇంటర్వ్యూ పద్ధతి కనుక్కోవాలి: ప్యానెలా, ఎంఎంఐ (ఒక్కో గదిలో ఒక్కో ప్రశ్నతో చిన్న చిన్న ఇంటర్వ్యూలు) స్టేషన్లా, రికార్డు చేసి పంపే వీడియోనా. ఎంఎంఐలో తలుపు బయట ప్రశ్న చదవడానికి కాస్త టైమిస్తారు, లోపల కొన్ని నిమిషాలే. వీడియోలో ప్రశ్న కనబడ్డాక ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలే, మళ్ళీ రికార్డు చేయనివ్వరు. అయితే ఫిజియాలజీ చదివినది వృథా కాదు. మొదటి సెమిస్టర్‌లోనే అక్కరకొస్తుంది.

వ్యక్తిత్వం ప్రశ్నల్లో మన తెలుగు నర్సులు ఎక్కువగా తడబడేది ఒకటుంది. "సర్జన్ నీ మీద అరిచాడు, ఏం చేస్తావు?" అంటే "పెద్దవాళ్ళు కదా, ఊరుకుంటాను" అనే ధోరణిలో జవాబు వస్తుంది. మర్యాద మంచిదే. కానీ వాళ్ళు వినాలనుకునేది పేషెంట్ ముందు, గొడవ తరవాత అన్న వరస. అప్పటికి పేషెంట్ పని పూర్తి చేస్తాను, భద్రతకి సంబంధించిందైతే ఆ క్షణమే గట్టిగా చెబుతాను, కేసయ్యాక విడిగా మాట్లాడతాను. తోటి నర్సు ఫెంటానిల్ దొంగిలిస్తోందని అనుమానమొస్తే? ఆమెని నిలదీయడం మీ పని కాదు, కప్పిపుచ్చడం అసలే కాదు. పేషెంట్లు క్షేమంగా ఉన్నారో చూసి వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. "నువ్వు చేసిన పొరపాటు చెప్పు" అంటే నిజమైనదే చెప్పండి: ఏం జరిగింది, వెంటనే ఎవరికి చెప్పారు, రిపోర్టు రాశారా, ఆ తరవాత పద్ధతిలో ఏం మారింది. "నేను మరీ పర్ఫెక్షనిస్టుని" అన్న జవాబు వాళ్ళు వేలసార్లు విన్నారు.

రాజమండ్రి_రాణి
వృత్తి చరిత్ర లాంటివి అడుగుతారా?

మత్తు_మాస్టారు
అడుగుతారు, తేలికవే. ఏఏఎన్ఏని (అమెరికా నర్స్ అనస్తీషియా సంఘం) 1931లో అగాథా హాడ్జిన్స్ స్థాపించింది, సంఘం 2021లో పేరులో అనస్తీషియాలజీ చేర్చుకుంది. 2001లో ఫెడరల్ నియమం మారి, సీఆర్ఎన్ఏల మీద డాక్టర్ పర్యవేక్షణ ఉండాలనే షరతు నుంచి రాష్ట్రం బయటికి రావచ్చని వచ్చింది. ముందు బయటికి వచ్చింది అయోవా. మీ రాష్ట్రం ఎటువైపు ఉందో తెలుసుకుని వెళ్ళండి. డాక్టర్లని తక్కువ చేసి మాత్రం మాట్లాడొద్దు.

నెల్లూరు_జీఎన్ఎమ్
ఫీజుల సంగతి? హెచ్4 మీద ఉన్నవాళ్ళకి లోన్ వస్తుందా?

కృష్ణాతీరం
హెచ్4 మీద చదవచ్చు, ఫెడరల్ లోన్ రాదు. గ్రీన్ కార్డు ఉంటే వస్తుంది. ఈబీ3 (ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇచ్చే కేటగిరీ) మీద గ్రీన్ కార్డుతో వచ్చిన నర్సులకి ఇది పెద్ద సౌలభ్యం. కానీ నియమాలు మారాయి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ (మొత్తం ఖర్చు దాకా ఇచ్చే ఫెడరల్) లోన్ లేదు. గ్రాడ్యుయేట్ కోర్సులకి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం 1,00,000. ప్రొఫెషనల్‌గా లెక్కించే కోర్సులకి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000. మీ ప్రోగ్రాము ఏ లెక్కలో పడుతుందో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని ఈమెయిల్‌లో అడిగి, రాతలో జవాబు తీసుకోండి. చాలా ప్రోగ్రాముల ఫీజే లక్ష డాలర్లు దాటుతుంది, పైగా మూడేళ్ళు జీతం ఉండదు. మిగిలింది ప్రైవేట్ లోన్, దానికి కోసైనర్ (హామీ సంతకం పెట్టేవాళ్ళు) కావాలి. సీటు వచ్చాక కాదు, అప్లై చేసే ముందే ఈ లెక్క ఇంట్లో వేసుకోండి.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
గ్రీన్ కార్డు ఉంది, ఆ భయం కాస్త తగ్గింది. అయితే ఇప్పుడే స్టాటిస్టిక్స్, బయోకెమిస్ట్రీలకి చేరి, ఈ సైకిల్‌లోనే అప్లై చేయనా, ఏడాది ఆగనా?

లావణ్య_హ్యూస్టన్
కోర్సుల్లో చేరడం, ఈ సైకిల్‌లోనే అప్లై చేయడం రెండూ చేయండి. కోర్సు నడుస్తున్నా "ఇన్ ప్రోగ్రెస్" అని పెట్టవచ్చు. గ్రేడ్ రాగానే కొత్త ట్రాన్‌స్క్రిప్టు పంపండి. మూడు నాలుగు ప్రోగ్రాములు చాలు, అన్నీ హ్యూస్టన్, ఫోర్ట్‌వర్త్‌లలోనే పెట్టుకోకండి. పక్క రాష్ట్రాలవి రెండు చేర్చండి.

ఓరుగల్లు_పిల్ల
వెయిట్‌లిస్టుల పెడితే ఏం చెయ్యాలె?

మత్తు_మాస్టారు
ఉండాలనుకుంటున్నానని వెంటనే జవాబివ్వండి. తరవాత కొత్తగా ఏదైనా జరిగినప్పుడే, అంటే గ్రేడ్ వచ్చినా, ఛార్జ్ నర్సు బాధ్యత తీసుకున్నా, ఒక్క చిన్న ఈమెయిల్. వారం వారం అడగొద్దు. సీట్లు తక్కువ కాబట్టి ఒకరు డిపాజిట్ కట్టకపోయినా లిస్టు కదులుతుంది, క్లాసులు మొదలయ్యే కొన్ని వారాల ముందు కూడా ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కి ఒకటి రెండు రోజుల్లో జవాబు చెప్పాలి. డిపాజిట్ డబ్బు, ఇమ్యునైజేషన్ రికార్డులు సిద్ధంగా పెట్టుకోండి. రాకపోతే అడ్మిషన్ ఆఫీసుని ఫీడ్‌బ్యాక్ అడగండి. చాలామంది ఇస్తారు.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
బయోకెమిస్ట్రీకి ఇప్పుడే రిజిస్టర్ అయ్యాను. షాడోయింగ్ కోసం మా హాస్పిటల్ అనస్తీషియా చీఫ్‌కి రేపు ఈమెయిల్ పెడతా. వెస్ రిపోర్టు కోర్సు బై కోర్సుదేనా కాదా అని ఒకసారి చూసుకుని మళ్ళీ వస్తా.